ధాన్యం అమ్మేవాడికీ ఓ దీవెన

మీ పిల్లలెవరైనా అమెరికాలో ఉంటే 2023 జులై మీకు గుర్తుండే ఉంటుంది. బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆ నెల 20న ఆపేసింది. ఒకటి రెండు రోజుల్లోనే టెక్సాస్ నుంచి న్యూజెర్సీ దాకా ఇండియన్ స్టోర్ల ముందు మనవాళ్లు బారులు తీరారు. సోనామసూరి బస్తా మనిషికి ఒకటే అని కొన్నిచోట్ల రాసిపెట్టారు. ఆ వీడియోలు మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగాయి. "అన్నం లేకపోతే మనవాళ్లు బతకలేర్రా" అని చాలామంది నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకో చెబుతాను, కాస్త తీరిక చేసుకుని కూర్చోండి.

డాలర్లు సంపాదించుకునే ఇంట్లో బస్తాకు కాస్త ఎక్కువ పెట్టినా పొయ్యి వెలుగుతుంది. అసలు దెబ్బ అక్కడ తగల్లేదు. ప్రపంచంలో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లే బియ్యంలో నూటికి నలభై వంతులు మనవే. మనం రేవు మూసుకుంటే పశ్చిమాఫ్రికాలో ఏ రోజు కూలి ఆ రోజు కొనుక్కుతినే ఇంట్లో గిన్నె ఖాళీ అవుతుంది. ఆ ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కగట్టే బియ్యం ధరల సూచీ పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుకు వెళ్లింది. రెండో దెబ్బ మన రైతుకు. మిర్యాలగూడ మిల్లరైనా తణుకు మిల్లరైనా కాకినాడ రేవు తెరిచి ఉందన్న ధైర్యంతోనే రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ చెప్పగలడు. రేవు మూశాక ఆ మాట అనడు.

కారణాలు లేవని అనను. అప్పట్లో ఎల్ నినో భయం ఉంది, పట్నాల్లో బియ్యం ధర ఎక్కుతోంది, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. సర్కారు గోదాముల్లో మాత్రం కావలసినదానికి మించే నిల్వ ఉంది. నిషేధం ఎత్తేసింది 2024 సెప్టెంబరు చివర్లో. పద్నాలుగు నెలల పాటు పట్నంలో ధర తగ్గించే బరువు మోసింది పండించినవాడు. మోస్తావా అని అతన్ని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజుల్లోనే ఓ ఆదివారం చర్చిలో సామెతల గ్రంథం 11వ అధ్యాయం చదువుతున్నారు. 26వ వచనం దగ్గర నా మనసు ఆగిపోయింది. గింజలు దాచుకు కూర్చున్నవాణ్ణి ఊరు తిట్టిపోస్తుందనీ, వాటిని అమ్మకానికి పెట్టినవాడికి ఆశీర్వాదం దక్కుతుందనీ దాని సారం. పేదలకు పంచమని చెప్పే మాటలు బైబిల్లో కోకొల్లలు. ఇక్కడ మాత్రం దీవెన దాతకు ఇవ్వలేదు, వర్తకుడికి ఇచ్చింది. బస్తా విప్పి తక్కెడ ముందు కూర్చున్నవాడు కూడా దేవుడి లెక్కలో మంచి పనే చేస్తున్నాడన్నమాట. చిన్నప్పటి నుంచీ ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఈ మాట మీద ఒక్క ప్రసంగమైనా విన్న గుర్తు లేదు.

మా చర్చిలో నా ఆర్థికశాస్త్రాన్ని కొంచెం అనుమానంగానే చూస్తారు. "దేవుడికీ సిరికీ ఒకేసారి దాస్యం చెయ్యలేమన్నాడు ప్రభువు. మీరేమో ఎప్పుడు చూసినా మార్కెట్టు అంటారేమిటి మాస్టారూ?" అని మా పాస్టరుగారు ఓసారి అడిగారు. "సిరికి మొక్కమని నేనెప్పుడూ చెప్పలేదు అయ్యగారూ. బలవంతం లేకుండా ఇచ్చిపుచ్చుకోమంటున్నానంతే" అన్నాను. బైబిలుకు దొంగ తూకాల మీద ఎంత కోపమో చూడండి. లేవీయకాండంలో ఉంది, సామెతల్లో ఉంది, ఆమోసు ప్రవక్త అయితే మండిపడ్డాడు. బజారే పాపం అనుకునేవాళ్లు తూకంరాళ్ల గురించి అంత పట్టించుకోరు. బజారు ఉండాలి, అది నిక్కచ్చిగా ఉండాలి అనుకునేవాళ్లే పట్టించుకుంటారు.

ఇక్కడితో ఆపేస్తే మీకు సగమే చెప్పినట్టు. స్వేచ్ఛా వ్యాపారాన్ని నమ్మే తెలుగువాడెవడూ 1876ని దాటేసి పోకూడదు.

ధాత కరువు పేరు మీరు వినే ఉంటారు. ఆ ఏడాది వానలు ముఖం చాటేశాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ముందుజాగ్రత్తగా ధాన్యం కొనిపెట్టిస్తే వైస్రాయి లిట్టన్ తప్పుపట్టాడు. తిండిగింజల ధర దించే ఉద్దేశంతో సర్కారు వేలు పెట్టకూడదని ఆయన పట్టుదల. దీని వెనకున్న ఆలోచన ఆడమ్ స్మిత్ 1776లో రాసిన పుస్తకంలోది. వర్తకులు కరువు తీసుకురారు, ధరల్ని బలవంతంగా అణచబోయే ప్రభుత్వాలే కొరతను కరువుగా మారుస్తాయి అని ఆయన వాదించాడు. ఆ పుస్తకం మీద నాకు ఎంతో గౌరవం. దాన్ని అడ్డం పెట్టుకుని కరువు పనుల దగ్గర కూలి కూడా కోసేశారు. 1877లో రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. పౌనంటే అరకిలో కూడా రాదు. దాంతో రోజంతా మట్టి తవ్వి మొయ్యాలి. అదే సమయంలో మద్రాసు సముద్రపు ఒడ్డున ధాన్యం బస్తాలు గుట్టలుగా పడి ఉన్నాయి. రెండేళ్లలో యాభై లక్షల మందికి పైగా పోయారని అంచనా.

బజారు పనిచెయ్యడం మానేసిందా అంటే, లేదు. పనిచేసింది. రైళ్ల మీదా ఓడల మీదా గింజలు కదిలాయి, డబ్బున్న చోటుకి కదిలాయి. పంట పోయి, పని పోయి, చేతిలో దమ్మిడీ లేని పల్లెకు ఏ వర్తకుడు బండి తోలుకొస్తాడు? అమర్త్యసేన్ 1981లో వచ్చిన తన పుస్తకంలో చెప్పింది ఇదే. కరువులో చాలాసార్లు గింజలు ఉంటాయి, వాటిని కొనే తాహతే పోతుంది. సేన్‌గారితో నాకు చాలా విషయాల్లో పేచీ ఉంది. ఈ ఒక్క విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. చేతిలో రూక లేనివాడి ఆకలి ధరకు వినపడదు. లిట్టన్‌కు ఆ సంగతి పట్టలేదు. వ్యాపారాన్ని స్వేచ్ఛగా వదిలి, కొనుక్కునే శక్తిని మాత్రం కోసేశాడు. వ్యాపారం వదిలెయ్యడం తప్పని నేనిప్పటికీ అనను. కూలి కొయ్యడం ఘోరం.

ఆ కరువులోనే ఒంగోలులో జాన్ క్లౌ ఉన్నాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, 1866లో ఒంగోలు వచ్చాడు. మిషనరీ కాకముందు కుర్రతనంలో మిన్నెసోటా వైపు భూములు కొలిచే సర్వేపని చేశాడు. ఆ పనితనం ఇక్కడ అక్కరకొచ్చింది. కరువు పని కింద సర్కారు తీరం పొడుగునా కాలువ తవ్విస్తోంది. తరవాత దానికి ఆ గవర్నరు పేరే పెట్టారు, మన బకింగ్‌హామ్ కాలువ అదే. క్లౌ దొర అందులో సుమారు మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన దగ్గరి బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వేరేచోట మేస్త్రీల తిట్లకు జడిసినవాళ్లు ఇక్కడ తమవాళ్ల కింద తట్ట ఎత్తారు. గంజి కేంద్రం తెరిచి ఊరుకోవచ్చు. ఆయన పలుగూ పారా ఇచ్చి, కూలి చేతిలో పెట్టి, గింజలు కొనుక్కోగలిగే మనుషులుగా వాళ్లను బజారుకి పంపాడు. లిట్టన్ వదిలేసిన సగాన్ని ఈ మనిషి పట్టుకున్నాడని నేనంటాను.

నన్ను ఇంకా ఎక్కువగా కదిలించే సంగతి మరొకటి ఉంది. కరువు సాయం నడిచినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. జనం వచ్చి అడుగుతున్నా ఇవ్వలేదు. కూటి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని, అలాంటి విశ్వాసం ఆయనకు అక్కర్లేదని. కరువు సద్దుమణిగి, సాయం ఆగిపోయాక ఇక అడ్డు చెప్పలేదు. 1878 జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఆయన చేతిలో ఇవ్వడానికి కూలీ లేదు, గింజా లేదు. కూలి ఖాతా వేరు, విశ్వాసం ఖాతా వేరు. వాటిని కలవనివ్వకుండా అంతమంది ఆకలిగొన్న జనం మధ్య నిలబడడానికి ఎంత గుండె దిటవు కావాలి! బియ్యం ఇచ్చి మతం మార్చారని మా పెద్దల గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లకు ఈ తేదీల వరస ఓసారి చూడమని చెబుతుంటాను.

ఒంగోలు కథ కాలువతో మొదలవలేదు, తోళ్లతో మొదలైంది. తాళ్లకొండపాడు అనే ఊళ్లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దమనిషి ఉండేవాడు. ఆ కాలంలో మాదిగ ఇంటికి ఊరితో ఉన్న లెక్క ఏమిటంటే, మోటకు తోలుబాన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలి, కబురొస్తే వెట్టికి పోవాలి. బదులుగా కళ్లంలో మేర కొలుస్తారు. ఎంత పనికి ఎన్ని గింజలని బేరమాడే వీలు లేదు. అది తాతల నాటి కట్టుబాటు. పేరయ్య ఆ కట్టులోంచి ఒక కాలు బయటపెట్టాడు. తోళ్లు కొని అమ్మే వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అలా ఏలూరు వెళ్లినప్పుడే అక్కడి మిషనరీ నోట క్రీస్తు సంగతి మొదటిసారి విన్నాడు. మద్రాసు రేవు నుంచి తోళ్లు ఇంగ్లండుకు ఎగుమతయ్యే రోజులవి. తంగేడు చెక్కలో తోలు ఎంత బాగా ఊరిందో చూసుకుని కొనే దళారికి, కుట్టినవాడి తాత ఎవరన్నది అంత ముఖ్యం కాదు. బజారు కులాన్ని చంపేసిందని అనను, మన టీ బడ్డీల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం నడిచిందో మీకూ తెలుసు. ఊరి కట్టుబాటు దారే ఇవ్వని చోట సంత ఓ దారి ఇచ్చిందని మాత్రం గట్టిగా అంటాను. ఆ దారమ్మటే సువార్త కూడా నడిచి వచ్చింది.

సంఘంలో చేరినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడే. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మొదటిది మతనియమంలా కనపడుతుంది గానీ అందులో ఎంత ఆర్థికశాస్త్రం ఉందో చూడండి. వెట్టివాడు "ఇవాళ రాను" అనకూడదు. ఆ మాట అనగలిగినవాడే కూలి మాట్లాడుకోగలడు. వారంలో ఒక్కరోజు రానని చెప్పినందుకు వాళ్లు దెబ్బలు తిన్నారు, ఊళ్లో వెలి పడ్డారు. అయినా ఆ ఒక్కరోజును వదులుకోలేదు. వ్యాపార స్వేచ్ఛ గురించి నేను క్లాసులో చెప్పిన పాఠాలన్నిటికంటే ముందు నిలబెట్టవలసిన పాఠం అది.

ఆ స్వేచ్ఛ పోతే ఏమవుతుందో బైబిల్లోనే ఉంది. సండే స్కూల్లో యోసేపు కథ చెప్పేటప్పుడు మనం ఆదికాండం 41తో ఆపేస్తాం. ఏడు బలిసిన ఆవులు, ఏడు బక్క ఆవులు, నిండిన కొట్లు. పిల్లలకు అది బాగుంటుంది. పెద్దలు మాత్రం 47వ అధ్యాయం కూడా చదవాలి. కొట్లు నింపడం తెలివైన పనే, ప్రాణాలు దక్కాయి. అయితే ఐగుప్తు దేశం మొత్తానికి గింజలమ్మేది ఒక్క ఫరో రాజే. మొదట జనం డబ్బు అతని దగ్గరికి చేరింది. తరవాత గొడ్లూ గోదా చేరాయి. ఆపైన భూములు, చివరికి మనుషులే ఫరోకు దాసులయ్యారు. పూజారుల భూములు తప్ప అన్నీ పోయాయి, పంటలో అయిదో వంతు శాశ్వతంగా శిస్తయింది. నిర్గమకాండం తెరిస్తే ఆ దేశంలోనే యోసేపు వారసులు ఇటుకలు కోస్తూ కనపడతారు. ఆ రెంటికీ బైబిలు ముడిపెట్టలేదు, ముడిపెట్టుకుంటున్నది నేను. గోదాము తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే ఏమవుతుందో నాకు అందులో కనపడుతుంది. మన సొంత రాజకీయాల్లోనూ ఈ భయం కొత్తది కాదు. కేరళ క్రైస్తవుడు, ఆర్థికవేత్త జాన్ మత్తాయ్ 1950లో కేంద్ర ఆర్థికమంత్రి పదవినే వదులుకున్నాడు. ప్రణాళికా సంఘం చేతికి అంత పెత్తనం పోవడం ఆయనకు నచ్చలేదు. మన నిడుబ్రోలు రంగాగారు 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడై, రైతు తరఫున ఇదే మాట అన్నాడు.

మరి పేదవాడి సంగతేమిటంటారా? దానికి లేవీయకాండం 19లో ఓ పద్ధతి ఉంది, నాకు ఎంతో ఇష్టమైనది. పొలం గట్ల అంచున పైరు కోయకు, రాలిన కంకి ఏరకు, బీదవాడికీ పరదేశికీ వదిలెయ్ అంటుంది. మనవాళ్లు పరిగె అంటారు. బైబిలు కథలో బీద పరదేశి రూతు, బోయజు అనే రైతు పొలంలో ఏరుకున్నది పరిగే. చూడండి, ఆ చట్టం బోయజు ధాన్యానికి ధర కట్టలేదు, అమ్మకం ఆపలేదు. అంచు వదలమంది. రూతు ఎండలో వంగి ఏరుకుని, దుళ్లగొట్టుకుని, తల ఎత్తుకుని అత్తగారింటికి వెళ్లింది. మన డెల్టాలో కోతమిషను వచ్చాక పరిగె పోయింది, దాన్నెవరూ తప్పుపట్టలేరు. ఆ స్థానంలో ఏదో ఒకటి ఉండాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు నాతోటి మార్కెట్టువాదులు చాలామంది దుమ్మెత్తిపోశారు. దొంగ మస్టర్ల గురించి వాళ్లు చెప్పిందాంట్లో నిజముంది. అయినా కరువు జిల్లాలో చెరువుపూడిక తీసినందుకు చేతికొచ్చే కూలిని నేను కాదనలేను. క్లౌ దొర చేసిందీ అదే.

మా కోత పండుగ ఒకసారి చూడాలి మీరు. చర్చి ఆవరణలో షామియానా కింద గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన పుంజులు, ఆడవాళ్లు అన్నం వండినప్పుడల్లా పిడికెడు తీసి పోగుచేసిన బియ్యం. ఆరాధన అయ్యాక వేలంపాట. బజారులో యాభై చేసే గుమ్మడికాయ అయిదువందలకు పోతుంది. పాడుకున్నాయన దాన్ని తీసుకుపోడు, "మళ్లీ పాట పెట్టండి" అంటాడు. ఇంకో అయిదువందలు. ఓ ముసలమ్మ పెరట్లోంచి తెచ్చిన నాలుగు గోంగూర కట్టలు కోడిపుంజు ధర పలుకుతాయి, ఆవిడ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంటుంది. సోమవారం పొద్దున అదే పెద్దమనిషి రైతుబజారులో గుమ్మడి ముక్క దగ్గర రెండు రూపాయలకు గట్టిగా బేరమాడతాడు. ఈ రెండింట్లో ఏది అసలు మనిషి అని నా విద్యార్థి ఒకతను అడిగాడు. రెండూ ఆయనే నాయనా అన్నాను. సోమవారం ఆయన బేరమాడకపోతే ఆదివారం పాడడానికి చేతిలో ఏమీ మిగలదు. ఆదివారం ఆ అయిదువందలు పెట్టమని ఎవరూ ఆయన మెడ మీద కత్తి పెట్టలేదు, అందుకే అది కానుక అయింది. పద్నాలుగు నెలల పాటు మన రైతు వదులుకున్న ధరను మాత్రం కానుక అనలేం.

చివరగా రేషను బియ్యం గురించి, మీరు అడుగుతారని తెలుసు. 2024 జనవరి నుంచి అయిదేళ్ల పాటు దేశంలో ఎనభై ఒక్క కోట్ల మందికి నెలకు తలా అయిదు కిలోలు ఉచితం. మన వీధుల్లోకి ఆటోవాడు వచ్చి ఆ బియ్యాన్ని కిలో పదికో పన్నెండుకో కొనుక్కుపోతాడు. అమ్మిన ఇల్లాలు దానికి ఇంకొంత కలిపి సన్నబియ్యం తెచ్చుకుంటుంది. చట్టం దాన్ని నేరమంటుంది. నాకు అందులో ఆవిడ చెబుతున్న మాట వినపడుతుంది: నాకేం కావాలో నాకు తెలుసు, డబ్బిస్తే నేనే కొనుక్కుంటాను అని. తెలంగాణ 2025 ఉగాది నుంచి రేషనులో సన్నబియ్యమే ఇస్తోంది, ఆవిడ మాట సగం విన్నట్టే. నేనైతే మిగతా సగం కూడా వింటాను. ధర పెరిగిన నెలలో పేదల ఖాతాలో వేసే డబ్బు పెంచుతాను, రేవు జోలికి పోను. ఇంకోసారి ఢిల్లీలో ఎవరైనా ఎగుమతి ఆపాలని ఫైలు కదిపితే, దానితోపాటు ఓ లెక్క జతచెయ్యమని నా విన్నపం. ఆపడం వల్ల తెలంగాణ, ఆంధ్ర రైతులు ఎంత నష్టపోతారు, అంత డబ్బూ బడ్జెట్లోంచి తీసి ఇస్తే ఎన్ని పేద ఇళ్లకు ఎన్ని నెలల బియ్యం వస్తుంది? ఆ కాగితం పార్లమెంటులో పెట్టి, ఆ తరవాత చర్చించమనండి.